ఊరి గాలికి ఉత్తరవాది ఎవరు?

1860లో శాసనమైన భారత శిక్షాస్మృతి యందు 278వ సెక్షను ఒకటి ఉండెను. చుట్టుపట్ల నివసించువారికిని, వ్యాపారము చేసికొనువారికిని, దారిన పోవువారికిని ఆరోగ్యహాని కలుగునట్లు ఎవడైనను బుద్ధిపూర్వకముగా గాలిని చెఱచినయెడల వానికి ఐదు వందల రూపాయలకు మించని జరిమానా విధింపవచ్చునని దాని తాత్పర్యము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 280వ సెక్షనుగా మఱల చోటు చేసికొనగా, జరిమానా పరిమితి మాత్రము వేయి రూపాయలకు పెరిగినది. ఆ సెక్షను వ్రాసినవారి మనస్సులో నున్న దృశ్యము సరళమైనదని తోచును: తోళ్లు ఊనుచోటో సున్నపుబట్టీయో ఒకటి, దానికొక యజమాని, ఆ దుర్గంధమును భరింపలేని ఇరుగుపొరుగువారు. చెఱచినవాడు ఒకడు, బాధితులు కొందఱు, నడుమ న్యాయాధిపతి. కాని లక్షలకొలది వాహనములును, నూర్లకొలది పొగగొట్టములును, వీథివీథికిని కాల్చు చెత్తకుప్పలును కలిసి ఒక నగరము మీద క్రమ్మించిన మాలిన్యమునకు ముద్దాయి యెవడు? వాయుకాలుష్యమును గుఱించి వివిధ దేశములు చేసికొనిన చట్టములన్నియు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ప్రయత్నములే. మన దేశపు చట్టము ఆ సమాధానములో సగము మాత్రమే చెప్పి ఊరకున్నదని నా అభిప్రాయము. ఎందుకట్లు తోచుచున్నదో చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట చట్టము నమ్ముకొనిన పరికరము మానవనేత్రము. పొగ నరికట్టుటకై బెంగాలులో 1905లోను, బొంబాయిలో 1912లోను ధూమోపద్రవ చట్టములు వెలువడినవి. పొగ నలుపును నిర్ణయించుటకు మాక్సిమిలియన్ రింగెల్మాన్ అను ఫ్రెంచి ఆచార్యుడు పందొమ్మిదవ శతాబ్దాంతమున కల్పించిన పటము ఆ కాలమున పలు దేశములలో వాడుకలో నుండెను. తెల్లని కాగితము మీద నల్లని గీతల గళ్లు. ఒకటవ సంఖ్య గల గడిలో నూటికి ఇరువది వంతులు నలుపు, రెండవదానిలో నలువది, ఐదవది కేవలము నలుపు. ఆ పటమును తగినంత దూరమున నిలిపినచో గీతలు కలిసిపోయి బూడిదరంగుగా కనబడును. పరీక్షకుడు గొట్టము నుండి వెడలు పొగను దానితో సరిపోల్చి సంఖ్య వ్రాసికొనును. ఖర్చు లేని పద్ధతి, ఎవరికైనను అర్థమగు పద్ధతి. ఐతే బొగ్గులోని గంధకము మండగా పుట్టు సల్ఫర్ డయాక్సైడు వాయువునకు రంగే లేదు. ఊపిరితిత్తుల లోతులకు దిగు సూక్ష్మరేణువులు విడివిడిగా ఏ కంటికిని కానరావు. పొగ తెల్లబడినంత మాత్రమున గాలి శుభ్రపడినట్లు కాదు.

ఈ సంగతి లోకమునకు దుస్సహముగా తెలిసివచ్చినది లండనులో. సాధారణముగా నేలను అంటియున్న గాలి వేడెక్కి పైకి లేచుచు తనతోడ మాలిన్యమును కొనిపోవును. 1952 డిసెంబరు 5 మొదలు 9 వఱకు ఆ నగరము మీద చల్లనిగాలి నేల నంటి యుండగా వెచ్చనిగాలి దానిపై మూతవలె నిలిచినది. శాస్త్రజ్ఞులు దీనినే ఉష్ణోగ్రతా విలోమ మందురు. ఇండ్లలోని బొగ్గుకుంపట్ల పొగయు, విద్యుత్కేంద్రముల పొగయు ఆ మూత క్రిందనే చిక్కుపడినవి. ఆ మంచుపొగ వలన సుమారు 4,000 మంది అదనముగా మరణించిరని ఆనాటి లెక్క. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 వఱకు పెంచిరి. సర్ హ్యూ బీవర్ అధ్యక్షతను నియమింపబడిన సంఘము 1954లో నివేదిక సమర్పింపగా, 1956లో పార్లమెంటు స్వచ్ఛవాయు చట్టమును చేసినది. ఆ చట్టము కర్మాగారముతో ఆగక గృహస్థుని పొయ్యి దాక పోయినది. నగర పాలకులు ధూమనియంత్రణ ప్రాంతములను ప్రకటింపవచ్చును. ఆ ప్రాంతములలో పొగలేని ఇంధనములనే కాల్చవలెను. అందులకై పొయ్యిని మార్చుకొనుటకగు వ్యయములో అధికభాగమును ప్రజాధనము నుండి చెల్లింపవలెను. నిషేధమును, దానిని పాటించుటకు కావలసిన ధనమును ఒకే చట్టములో ఇమిడ్చిన ఆ దూరదృష్టిని నేను మిక్కిలి గౌరవింతును.

మన దేశమున జాతీయ శాసనమునకు బీజము 1972 జూన్ నెలలో స్టాక్‌హోమునందు జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభలో పడినది. జలకాలుష్య చట్టము 1974లో రాష్ట్ర శాసనసభల తీర్మానముల ఆధారమున, రాజ్యాంగము 252వ అధికరణము ననుసరించి వచ్చినది. గాలి విషయమున పార్లమెంటు మఱియొక మార్గము త్రొక్కినది. అంతర్జాతీయ నిర్ణయములను అమలుపఱచుటకు 253వ అధికరణము తనకిచ్చిన అధికారముతో, రాష్ట్రముల తీర్మానములకై వేచియుండక, దేశమంతటికిని ఒకే శాసనము చేసినది. అదియే వాయుకాలుష్య నివారణ, నియంత్రణ చట్టము. 1981 మార్చి 29న రాష్ట్రపతి ఆమోదము నొంది, మే 16న అమలులోనికి వచ్చెను. 1984 డిసెంబరులో భోపాలు నగరమున మిథైల్ ఐసోసైనేటు సృష్టించిన మహావిపత్తు తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును, 1987లో ఈ చట్టమునకు కఠినమైన సవరణలును వచ్చినవి. హద్దు మీఱిన కర్మాగారమును మూయించుటకును, దానికి విద్యుత్తును, నీటిని నిలిపివేయించుటకును కాలుష్య నియంత్రణ మండలులకు అధికారము కలిగినది ఆ సవరణల వలననే.

చట్టము చెప్పిన నిర్వచనములో ఒక ముఖ్యమైన మాట కలదు. మనుష్యులకు గాని, ఇతర ప్రాణులకు గాని, వృక్షములకు గాని, ఆస్తికి గాని హాని కలిగింపగల గాఢతలో వాయుమండలమున నున్న ఏ ఘన, ద్రవ, వాయు పదార్థమైనను కాలుష్యకమే. పదార్థము దోషి కాదు, గాఢత దోషి. కనుక కొలత లేక ఈ చట్టము ఒక్క అడుగైనను వేయజాలదు. ఈ చట్టము క్రింద ప్రకటింపబడిన నియంత్రణ ప్రాంతమున కర్మాగారమును స్థాపింపవలెనన్నను, నడుపవలెనన్నను రాష్ట్ర మండలి సమ్మతి పొందవలెను; మండలి నాలుగు మాసములలో తన నిర్ణయమును చెప్పవలెను. ఆ సమ్మతిపత్రములో గొట్టపు ఎత్తు మొదలుకొని వెడలు వాయువు వఱకు సమస్తమును అంకెలలోనే ఉండును.

గొట్టపు ఎత్తును లెక్కించు సూత్రము ఆసక్తికరమైనది. గంటకు ఎన్ని కిలోగ్రాముల సల్ఫర్ డయాక్సైడు వెలువడునో ఆ సంఖ్యను 0.3 ఘాతమునకు పెంచి 14తో గుణించినచో ఎత్తు మీటర్లలో వచ్చును. ఫలితమెంత తగ్గినను సాధారణముగా 30 మీటర్లకు తక్కువ కారాదు. నూటికి అరవంతు గంధకము గల బొగ్గును గంటకు పది టన్నులు కాల్చు బాయిలరు నొకదానిని ఊహింతము. అందు 50 కిలోల గంధకము కలదు. అది ప్రాణవాయువుతో కలిసి బరువులో రెట్టింపై 100 కిలోల వాయువగును. సూత్రము ప్రకారము గొట్టము సుమారు 56 మీటర్లుండవలెను. బొగ్గు పదిరెట్లై నూరు టన్నులైనచో ఎత్తు పదిరెట్లు కానక్కఱలేదు, సుమారు 111 మీటర్లు చాలును. మాలిన్యము పదింతలైనను గొట్టము రెండింతలే! ఎత్తున విడువబడిన పొగ నేలకు దిగునప్పటికి విస్తారమైన గాలిలో పలుచబడునన్న భౌతికశాస్త్ర సత్యమే దీనికి ఆధారము. కాని ఎత్తైన గొట్టము విషమును ఒక గ్రామైనను తగ్గింపదు; దగ్గఱి ఊరిని కొంత కాపాడి దూరపు ఊరికి పంచిపెట్టును.

గొట్టము నుండి నమూనా తీయు విధానమును 26వ సెక్షను ఎంత జాగ్రత్తగా నిర్దేశించినదో చూడవలెను. అధికారి మొదట కర్మాగారము వారికి నోటీసు నీయవలెను. వారి ఎదుటనే నమూనాను పాత్రలో పట్టి, సీలు వేసి, ఇరుపక్షముల చేవ్రాళ్లు పెట్టించి, ఆలస్యము చేయక ప్రయోగశాలకు పంపవలెను. ఈ క్రమము తప్పినచో పరీక్షాఫలితము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదు. ఒక మనుష్యుని దోషిగా నిలువబెట్టవలసినప్పుడు ఇంత నిష్ఠ న్యాయమే.

ఊరి గాలిని కొలుచు పని దీనికి భిన్నము. ఏదో కార్యాలయపు మేడమీద లోహపు పెట్టె యొకటి ఉండును. దాని లోపలి పంపు నిమిషమునకు రమారమి 1.1 ఘనపు మీటర్ల గాలిని పీల్చుచు గాజునారతో చేసిన వడపోత కాగితము గుండ పోనిచ్చును. ఆ కాగితమును ముందుగా నియతమైన వేడిమిలో, నియతమైన తేమలో ఒక దినమంతయు ఉంచి, చేతితో తాకక పట్టుకాఱుతో తీసి, సున్నితపు త్రాసులో తూచి, సంఖ్య వేసి పంపుదురు. ఎనిమిది గంటలు గడచిన తరువాత తీసి చూచినచో, పాలవలె తెల్లనైన కాగితము నడుమ బూడిదరంగు దీర్ఘచతురస్రము తేరియుండును. గాలిలో ఘనపు మీటరునకు 100 మైక్రోగ్రాముల రేణువులున్నయెడల, ఎనిమిది గంటలలో సాగిన 528 ఘనపు మీటర్ల గాలి కాగితము బరువును సుమారు 53 మిల్లీగ్రాములు పెంచును. ఆ కొద్దిపాటి భేదమే ఊరి గాలి చరిత్ర. చేతితో నడుపు కేంద్రములలో వారమునకు రెండు దినములు, సంవత్సరమునకు 104 దినములు ఇట్లు కొలుతురు. ఎడతెగక తమంత తామే కొలుచు యంత్రములు ఇటీవల నగరములలో హెచ్చినవి.

ఈ కొలతలను పోల్చి చూచుటకు జాతీయ పరిసర వాయు ప్రమాణములు కలవు. 1982లో మొదట ఏర్పడి, 1994లో సవరింపబడి, 2009లో నేటి రూపము దాల్చినవి. పండ్రెండు కాలుష్యకములకు అవి హద్దులు విధించినవి. వానిలో ముఖ్యమైనది పి.ఎం. 2.5, అనగా వెంట్రుక మందములో దాదాపు ముప్పదవ వంతుకు మించని రేణువుల సముదాయము. దానికి మన వార్షిక హద్దు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది 5. ఈ అంతరమును గుఱించి వాదములు తఱచుగా వినబడుచున్నవి గాని, నా దృష్టికి అంతకంటె గంభీరమైన లోపము వేఱొకటి కలదు. ఊరి గాలి ఈ 40ని సైతము దాటినచో ఏమి జరుగవలెను? 2009 నాటి ప్రకటనలోని గమనిక దీనికి సమాధానమిచ్చుచున్నది: కొలచిన దినములలో వరుసగా రెండు దినములు హద్దు దాటినచో, క్రమము తప్పక కొలుచుటకును మఱింత పరిశోధించుటకును అది చాలినంత కారణముగా భావింపవలెను. అంతియే. కర్మాగారము హద్దు దాటిన యజమాని సంజాయిషీ చెప్పుకొనవలెను. ఊరు హద్దు దాటినచో మఱల కొలువవలెను! కాలుష్యరహితమైన గాలి జీవించు హక్కులో భాగమని 1991లో సర్వోన్నత న్యాయస్థానము సుభాష్ కుమార్ కేసులో పలికినది. ఆ హక్కునకు ఎదుటి పక్షమున కర్తవ్యము గలవాడెవడో ప్రమాణముల ప్రకటన చెప్పలేదు.

చట్టపు చూపు గొట్టము మీదనే నిలుచుటకు కారణము దాని నిర్వచనమందే యున్నది. ఉద్గారమనగా గొట్టము నుండి గాని, నాళము నుండి గాని, మఱి యే ఇతర ద్వారము నుండి గాని వెలువడునది. విశాఖపట్టణమున రేవునకు సమీపించిన పాతనగరపు వాసులు ఇంటి గచ్చును ఉదయము తుడిచి సాయంకాలమునకు మఱల నల్లని ధూళిని తుడుచుకొను బాధను ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. ఆరుబయట పోసిన బొగ్గుకుప్పకు ద్వారమెక్కడిది? నీరు చల్లుము, కప్పి యుంచుము, చుట్టును చెట్లు పెంచుము అను షరతులతో మండలి దానిని అదుపు చేయవలసినదే. సీలు వేసి చేవ్రాలు పెట్టించుటకు అక్కడ నమూనాపాత్ర పనికిరాదు. ఇంతకంటె చిక్కు రసాయనశాస్త్రము తెచ్చినది. ఒక రాష్ట్రమున వెడలిన సల్ఫర్ డయాక్సైడు ఆకాశమున సల్ఫేటుగా మాఱి, పొలముల ఎరువుల నుండియు పశువుల పేడ నుండియు లేచిన అమోనియాతో కలిసి, సూక్ష్మరేణువై, దినముల తరబడి తేలుచు వందల కిలోమీటర్ల ఆవల ఎవరి ఊపిరిలోనో దిగును. ఆ రేణువు ఏ గొట్టము నుండియు ఆ రూపమున వెలువడలేదు. నదికి పరీవాహక ప్రాంతమున్నట్లే గాలికిని ఒక పరిధి యున్నదను భావమునకు మన శాసనములలో తొలిసారి స్థానము దొరకినది 2021లో, ఢిల్లీకిని దాని చుట్టుపట్ల రాష్ట్రములకును ప్రత్యేక కమిషనును నెలకొల్పిన చట్టమున మాత్రమే.

ఇంతకును మన గాలికి మేలు చేసిన గొప్ప పనులు కొన్ని ఈ చట్టమునకు వెలుపల జరిగినవి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట పెట్రోలులో సీసము కలుపుట మానిరి. 2020 ఏప్రిల్ నుండి వాహన ఇంధనములో గంధకము పదిలక్షలకు 50 వంతుల నుండి 10కి దిగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో వచ్చిన దీపం పథకము పేద స్త్రీల కట్టెలపొయ్యి స్థానమున గ్యాసుపొయ్యి నిలుపుటకు పూనుకొన్నది. వంటింటి పొగయు గాలి మాలిన్యమేనని ఏ శాసనమును చెప్పక మునుపే ఆ తల్లుల కండ్లు చెప్పియుండెను.

అమెరికా దేశపు 1970 నాటి చట్టము ప్రమాణము దాటిన ప్రాంతమును రాష్ట్రమునకు అప్పగించినది. గడువులోగా రాష్ట్రము ప్రణాళిక వ్రాయవలెను; వ్రాయనిచో కేంద్రమే వ్రాయును; తరువాతి సవరణల ప్రకారము రహదారుల నిధులును ఆగిపోవచ్చును. మన దేశమున 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము ఈ మార్గమునకు దగ్గఱగా వచ్చినది. 131 నగరములు, వానిలో మన హైదరాబాదు, పటాన్‌చెరువు, నల్లగొండ, విశాఖపట్టణము, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు మొదలగునవి, ప్రణాళికలు వ్రాసికొన్నవి. కాని అది కార్యక్రమమే, చట్టము కాదు. చట్టములోనో, 2023 నాటి సవరణ కారాగార శిక్షకు బదులు పలు నేరములకు పదివేల నుండి పదునైదు లక్షల రూపాయల వఱకు జరిమానా నిలిపి, న్యాయనిర్ణయాధికారుల చేతిలో పెట్టినది. అరుదుగా పడు కారాగారము కంటె తప్పక పడు జరిమానాయే మేలు కావచ్చును. ఐనను ఈ జరిమానాయు గొట్టము యజమానికే గాని ఊరి గాలిని పాలించువారికి కాదు.

కొత్త చట్టమే కావలెనని నేననను. రాష్ట్ర మండలి కర్తవ్యములను చెప్పు 17వ సెక్షనులో మొట్టమొదటిదే, వాయుకాలుష్యమును నివారించుటకు సమగ్ర కార్యక్రమమును రూపొందించి దాని అమలు జరుగునట్లు చూచుట. ఆ వాక్యమునకు గడువును, ఫలితము రానప్పుడు ఎవరు ఎవరికి జవాబు చెప్పవలెనో తెలుపు మఱియొక వాక్యమును చేర్చినచో, వార్షిక సగటు 40 దాటిన ప్రతి నగరమునకును ఒక ఉత్తరవాది ఏర్పడును. 1987 సవరణ సామాన్య పౌరునకు ఇదివఱకే ఒక త్రోవ తెఱచినది: అరువది దినముల నోటీసిచ్చి తానే న్యాయస్థానమున ఫిర్యాదు చేయవచ్చును, సంబంధించిన నివేదికలను అడిగినచో, ప్రజాహితమునకు భంగము లేనంతవఱకు మండలి ఈయవలెను. నేడు ఆ త్రోవ గొట్టము గల వాని వాకిటికే పోవుచున్నది; పై రెండును చేరిన నాడు ఆ నోటీసు నగరపాలక సంస్థకును, రవాణా శాఖకును, మండలికి సైతమును ఈయవచ్చును.