రెండో సబ్‌నెట్‌కి రెండో పోర్టు ఎందుకండీ?

మడికొండ ఐటీ పార్కులో అడిగినా, హన్మకొండ చౌరస్తాలో అడిగినా ఒకటే మాట: "ఫైర్‌వాల్ ఒక్క పబ్లిక్ సబ్‌నెట్‌నే పట్టుకుంటుంది. ఇంకో బ్లాక్ వస్తే ఇంకో వ్యాన్ పోర్టు, ఇంకో గేట్‌వే కావాలి." ఎవరు పుట్టించారో గానీ, దాని ఫలితం కళ్లారా చూశాను. ఒక ఆఫీసు వాళ్లు ఐపీలు చాలక కొత్తగా /29 తీసుకున్నారు. ఫైర్‌వాల్‌లో పట్టదన్నారని దాని ముందు ఒక స్విచ్ పెట్టి, కొత్త ఐపీలను నేరుగా సర్వర్లకే ఇచ్చేశారు. అంత డబ్బు పోసి కొన్న ఫైర్‌వాల్ పక్కన లైట్లు మిణుకుమంటూ కూర్చుంది. ఫైల్ సర్వర్ 445 పోర్టు మాత్రం లోకానికి బార్లా తెరిచి ఉంది. 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ పాకింది ఆ పోర్టు గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని అప్పుడే దెబ్బతిన్నాయి.

సికింద్రాబాద్ నుంచి బల్లార్షా పోయే రైలూ, విజయవాడ పోయే రైలూ కాజీపేట దాకా ఒకే దారిలో వస్తాయి, అక్కడ విడిపోతాయి. ఊరికో పట్టా మొదటి నుంచీ వేయలేదు కదా! ఇక్కడా అంతే. మీ లింకు 203.0.113.0/30, అందులో ఫైర్‌వాల్ 203.0.113.2 అనుకోండి. కొత్త బ్లాక్ 198.51.100.8/29. ప్రొవైడర్ తన రూటర్‌లో ఒక్క స్టాటిక్ రూట్ రాస్తే చాలు: ఈ బ్లాక్‌కి పోయేదంతా 203.0.113.2కి పంపు. కొత్త తీగ లేదు, కొత్త గేట్‌వే లేదు. పైగా లాభం కూడా: అదే /29 లింకు మీదే ఉంటే నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, ప్రొవైడర్ గేట్‌వే పోను మిగిలేవి 5. ఇలా రూట్ చేయించుకుంటే నాట్‌కి 8కి 8 వాడుకోవచ్చు.

ప్రొవైడర్ రూట్ చేశాడో లేదో ఫోన్లో అడిగితే "అంతా ఓకే సార్" అంటాడు. నమ్మకండి. మొబైల్ డేటా నుంచి కొత్త ఐపీకి పింగ్ కొట్టి, వ్యాన్ పోర్టు మీద టీసీపీడంప్ పెట్టండి. పింగ్ ప్యాకెట్టే వస్తే రూట్ అయినట్టు. "ఈ ఐపీ ఎవరిది?" అని ఏఆర్‌పీ ప్రశ్న మాత్రమే వస్తే, బ్లాక్‌ని లింకు మీదే పెట్టాడు. రూట్ చేయమని అడగండి. కుదరదంటే ఆ ఐపీలను అదే పోర్టు మీద అదనపు చిరునామాలుగా పెట్టండి, ఫైర్‌వాలే జవాబిస్తుంది.

రెండు డిఫాల్ట్ గేట్‌వేలు పెడితే స్పీడు పెరుగుతుందా? పెరగదు, సెషన్లు తెగుతాయి. పక్కపక్క ఐపీలు అడిగితే ఇస్తారా? మన ప్రాంతానికి ఐపీలు పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్‌లోనే చివరి /8కి చేరింది, దొరికింది తీసుకోండి. ఇద్దరు ప్రొవైడర్లుంటే మాత్రం రెండు పోర్టులు తప్పవు, అది వేరే కథ.

"ఫైర్‌వాల్ మార్చాక ప్రొవైడర్ రూటర్ రీస్టార్ట్ చేస్తే గానీ పనిచేయదు" అనే మాటను చాలాకాలం మూఢనమ్మకం అనుకున్నాను. ఒప్పుకోక తప్పదు, అందులో కొంత నిజముంది. పాత బాక్సు మ్యాక్ అడ్రస్ ఆ రూటర్ ఏఆర్‌పీ పట్టికలో ఉండిపోతుంది. సిస్కోలో అయితే మామూలుగా 4 గంటలు. రీస్టార్ట్ దాకా పోనక్కర్లేదు, ఆ పట్టిక తుడవమనండి చాలు. ఈలోగా మెయిల్ సర్వర్ తన సొంత ఐపీతోనే బయటికి పోయేలా నాట్ రూల్ కూడా రాసేయండి. లేకపోతే మెయిళ్లు ఫైర్‌వాల్ ఐపీతో పోయి, అవతలివాళ్ల స్పామ్‌లో పడతాయి.