అమ్ముడుపోని వికెట్లు

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో కమీషన్ దుకాణం నడిపే పాఠకుడొకరు ఉత్తరం రాశారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు బేస్‌బాల్ ఆట చూశారట. మూడు గంటలు ఆడితే ఒక జట్టుకు 3, ఇంకో జట్టుకు 2. "పదిసార్లు బ్యాట్ పట్టి మూడు హిట్లు కొడితే గొప్పోడంట! మన ఉప్పల్‌లో ఒక్క రాత్రే 523 పరుగులు చూసినం. ఇదేం లెక్క సార్?" అని అడిగారు. ఆ ఉత్తరం చదివాక మరో పని మీదికి మనసు పోలేదు.

ఆ రాత్రి 2024 మార్చి 27, ఐపీఎల్ మ్యాచ్. సన్‌రైజర్స్ 3 వికెట్లకు 277, ముంబై 5 వికెట్లకు 246. ఇద్దరూ కలిసి 38 సిక్సర్లు కొట్టారు. అభిషేక్ శర్మ 23 బంతుల్లో 63, హెడ్ 24 బంతుల్లో 62, క్లాసెన్ 34 బంతుల్లో 80. ఊరంతా ఈ అంకెలే చెప్పుకుంది. నా కన్ను మాత్రం 277 పక్కనున్న ఆ 3 మీదే ఆగిపోయింది.

టీ20 జట్టు చేతిలో రెండు సరుకులుంటాయి: 120 బంతులు, 10 వికెట్లు. ఏది ముందు అయిపోతే దానితోనే ఇన్నింగ్స్ ముగుస్తుంది. చాలాసార్లు ముందు అయిపోయేది బంతులే. మిగిలిన వికెట్లు సాయంత్రానికి అమ్ముడుపోని మాగిన మామిడిపళ్లు. మర్నాటికి వాటికి ధర లేదు.

లెక్క వేసి చూడండి. 12 బంతులకొక వికెట్ పడినా 120 బంతులూ ఆడొచ్చు. ప్రతివాడూ 12 బంతుల్లో 24 కొట్టి అవుటైపోతే సగటు 24 మాత్రమే, కానీ జట్టు స్కోరు 240! అదే సగటు 50 ఉన్నవాళ్లంతా వంద బంతులకు 120 చొప్పున నింపాదిగా ఆడితే 144 దగ్గర ఆగిపోతారు. సగటు సగమైతేనేం, జట్టుకు 96 పరుగులు ఎక్కువ వచ్చాయి. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నమ్మలేక మళ్లీ కట్టాను.

ఇది తెలియక దెబ్బతిన్నవాళ్లలో మనమే ముందున్నాం. 1975 ప్రపంచకప్‌లో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 చేసింది. గవాస్కర్ 174 బంతులాడి 36తో నాటౌట్. భారత్ 3 వికెట్లకు 132. ఉప్పల్‌లో పడినవీ మూడే, అక్కడ పడినవీ మూడే. ఏడు వికెట్లు బుట్టలో పెట్టుకుని 202 పరుగుల తేడాతో ఓడిపోయాం.

బేస్‌బాల్‌లో సరుకు తిరగబడుతుంది. అక్కడ బంతులకు పరిమితి లేదు. ఉన్నవల్లా తొమ్మిది ఇన్నింగ్స్‌లు, ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున 27 అవుట్లు. అవి అయిపోతే ఆటే లేదు. అలాంటప్పుడు అవుట్ కాకుండా బేస్ చేరడమే అసలు సంపాదన. దీన్ని తప్పుగా లెక్కగట్టింది, విచిత్రంగా, క్రికెట్ ప్రేమికుడే. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ క్రికెట్ స్కోరుకార్డును చూసి బేస్‌బాల్ పట్టిక తయారుచేశాడు. చెడ్డ బంతులు వదిలేసి బ్యాటర్ మొదటి బేస్‌కు నడిచి వెళితే అది బంతి విసిరినవాడి తప్పే తప్ప బ్యాటర్ గొప్ప కాదన్నాడు. ఆ నడకకు సగటులో చోటు లేకుండా పోయింది. 1887లో ఒక్క ఏడాది దాన్ని హిట్‌గా లెక్కపెట్టారు. సగటులు ఉబ్బిపోయేసరికి భయపడి మానేశారు. 1941లో బ్యాటర్ టెడ్ విలియమ్స్ సగటు వెయ్యికి 406 హిట్లు అని లోకమంతా మెచ్చుకుంది. అతను బేస్ చేరింది వెయ్యికి 553 సార్లు! ఆ రెండో అంకెకు అధికారిక గుర్తింపు రావడానికి 1984 దాకా పట్టింది.

కాబట్టి పాఠకుడుగారూ, మీరు చూసిన ఆట టీ20కి చుట్టం కాదు, టెస్ట్ మ్యాచ్‌కు. అదే ఉప్పల్‌లో, ఆ సిక్సర్ల రాత్రికి రెండు నెలల ముందు, ఇంగ్లండ్ 246, 420 చేసింది. మనం 436, 202. ఇరవై వికెట్లూ ఖర్చయ్యాయి, 28 పరుగులు తక్కువయ్యాయి. టెస్టులో వికెట్ బంగారం.

దీనివల్ల ఉపయోగమేమిటంటే ఏం చెప్పను! ఎల్బీనగర్ చుట్టుపక్కల ఆదివారం ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌లో ఆరు బంతుల్లో 15 కొట్టి అవుటైన పిల్లవాణ్ణి పెద్దలు ఇంకా తిడుతూనే ఉన్నారు. 48 బంతుల ఆటలో వాడు ఇచ్చినదానికంటే మంచి బేరం ఏముంటుంది?