నైవేద్యం నుంచి నేల దాకా

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి, అప్పుల్లో కూరుకుపోయి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగినప్పుడూ రైతుకు ముందు గుర్తొచ్చింది పురుగుమందే. ఈ అలవాటు మారాలంటే ఉపన్యాసాలు చాలవు, మందుల్లేని పంటను కొనేవాళ్లు కావాలి. ఆ పని గుడి చేయగలదు. తిరుమలలో 2021లో శ్రీవారికి గోఆధారిత నైవేద్యం, అంటే ఆవు పేడ, మూత్రంతో మందుల్లేకుండా పండించిన గింజలతో చేసే నైవేద్యం, మొదలైంది. దేవుడి వంటశాల అడిగితే రైతుకు అంతకన్నా గట్టి భరోసా ఏముంటుంది?

ఈ గోఆధారిత సేద్యానికి ప్రాణం జీవామృతం. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు పోసి, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి కలుపుతారు. కర్రతో తిప్పుతూ నీడన ఉంచితే రెండు రోజుల్లో పులుస్తుంది. దీన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ ‘ఆధ్యాత్మిక వ్యవసాయం’ అన్నారు. ఆ మాట అన్యమతస్థులను దూరం పెడుతుందన్న అభ్యంతరం సబబే. 1842లోనే లూథరన్ క్రైస్తవ మిషన్ అడుగుపెట్టిన గుంటూరు ఇది, మసీదులున్న నేల ఇది. అయితే గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ఈ సేద్యాన్ని మహిళా పొదుపు సంఘాల ద్వారా ఊళ్లకు చేర్చింది. అక్కడ గుడికెళ్లే ఆమె, చర్చికెళ్లే ఆమె పక్కపక్కనే కూర్చుంటారు. దిగుబడికి రుజువేదని 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ నిలదీసింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది భక్తి కాదు, మందు వాడిన మడి, వాడని మడి పక్కపక్కనే పెట్టి వేసే తూకం. ఆ తూకం వేయించండి. ఈసారి చర్చిలో కోత పండుగకూ, గుడిలో అన్నదానానికీ మందు తగలని గింజలే అడగండి.