జంతుకథలో నీతి యెక్కడ నుండవలెను?

పిల్లల కార్యక్రమములో కథ ముగియగానే "ఇందలి నీతి యేమి?" అని యడుగుట మా వృత్తిలో నొక యాచారమైనది. ఆ ప్రశ్న వినబడగానే, అంతవరకు నక్కవెంట, కాకివెంట తిరిగిన బాలురు మరల బడిలోనికి వచ్చి కూర్చుందురు. పూర్వుల కీ చిక్కు లేదు. 1853లో వెలువడిన చిన్నయసూరి 'నీతిచంద్రిక' పేరులోనే నీతి కలదు. అందు విష్ణుశర్మ పాటలీపుత్రపు రాజకుమారులను దిద్దుటకే కథ లెత్తుకొనెను. రేపు రాజ్యమేలవలసినవారికి మిత్రుడెవడో శత్రువెవడో తెలియవలెను గదా!

ఇరువదవ శతాబ్దమున జంతుకథ సింహాసనము ప్రక్కనుండి లేచి వచ్చి, ఏలబడువారి నడుమ కూర్చున్నది. అమెరికా హాస్యరచయిత జేమ్స్ థర్బర్ 1939లో వ్రాసిన కుందేళ్ల కథ చూడుడు. తోడేళ్లకు కుందేళ్లు గిట్టవు. భూకంపము వచ్చినను, పిడుగు పడినను, వరద వచ్చినను కుందేళ్లే కారణమని అవి చాటుచుండును. దూరమున నున్న తక్కిన జంతువులు, పారిపోవుట పిరికితనమని కుందేళ్లకు ధైర్యము చెప్పుచుండును. తుదకు తోడేళ్లు కుందేళ్లను వాని క్షేమముకొరకే యని చెప్పి చీకటి గుహలో బంధించును; పిమ్మట తినివేయును; అడిగినవారికి ఇది మా యింటి విషయమని బదులిచ్చును. ఈసపు కథలోని తోడేలు ఒక్క గొఱ్ఱెపిల్లతో వాదించినది. ఈ తోడేళ్లకు ప్రభుత్వభాష వచ్చును. కథ చివర థర్బర్ ఒక నీతివాక్యము చేర్చెను గాని, అది వెక్కిరింతయే. అసలు నీతి దూరమున నిలిచి చూచిన జంతువులకు తగులును.

ఈ త్రోవలో మఱింత దూరము పోయినవాడు జార్జి ఆర్వెల్. ఆయన 1903లో బీహారునందలి మోతీహారిలో జన్మించెను. 1941 నుండి 1943 వరకు బి.బి.సి.లో భారతదేశమునకు ప్రసంగము లేర్పాటు చేసెను గనుక మా వృత్తివాడే. ఆయన 'యానిమల్ ఫారమ్' 1945 ఆగస్టులో వెలువడినది. రష్యా యుద్ధమున మిత్రదేశముగా నున్న కాలమది. అంతకుముందు పలువురు ప్రకాశకులు వ్రాతప్రతిని త్రిప్పిపంపిరి. పాలకులుగా పందులు కాక మరియొక జంతు వున్నచో ఇంత నొప్పి కలుగదని ఒకరు సూచించిరి కూడ!

కథలో పశువులు యజమానిని తరిమి, పొలమును తామే యేలుకొనును. తొలినాడే పాలు మాయమగును. పిమ్మట రాలిన ఆపిలుపండ్లన్నియు పందులకే యని ఆజ్ఞ వచ్చును. పందులు బుద్ధితో పనిచేయునవి గాన, అవి తినకున్న పాత యజమాని తిరిగి వచ్చునట! తక్కిన పశువులు ఊరకుండును. కథ మలుపు తిరుగునది ఇచ్చటనే యనియు, పశువులు అప్పుడే ఎదిరించియున్న సరిపోయెడి దనియు ఆర్వెల్ 1946లో నొక లేఖలో వ్రాసెను. పుస్తకమున ఆ ఘట్టము ఒక్క నిముసములో దాటిపోవును.

1947 జనవరిలో ఆ కథ బి.బి.సి. మూడవ కార్యక్రమమున నాటకముగా ప్రసారమైనది. రేడియో ప్రతిని ఆర్వెలే సిద్ధపరచి, పుస్తకమున లేని నాలుగు మాట లందు చేర్చెను. పండ్లన్నియు పందులే తీసికొనుట న్యాయమా యని ఆడుగుఱ్ఱ మడుగును; మనకేమియు లేవా యని మేక యడుగును; అందరికి సమానముగా పంచెదరనుకొంటినని ఆవు చెప్పును. అంతే. ప్రసారమునకు ముందు నిర్మాత ఆ మాటలను కొట్టివేసెను.

కారణము మే మూహింపగలము. గడియారపు ముల్లు తరుముచుండగా, కథను ముందుకు నడపని సంభాషణ మొదట కంటబడును. మేమును అట్టి మాటలను ఎన్నింటినో కొట్టివేసితిమి. కాని కథ ముగిసిన పిదప మేము పిల్లల నడిగెడి ప్రశ్నకంటె, కథ నడుమ మేక యడిగిన ప్రశ్న మేలైనదని మా కిప్పుడు తోచుచున్నది. వచ్చు నెలనుండి జంతుకథ చివర మా ప్రశ్న మాని, కొంతసేపు మైకును పిల్లలవైపు త్రిప్పి యుంచదలచితిమి.