కాగితపు కొంగలు, కంజి అక్షరాలు

దేశ రాజధాని పరిసరాలలోని విశ్వవిద్యాలయాలలో జపాను సంస్కృతీ ఉత్సవాలు జరపడం కొన్ని సంవత్సరాలుగా పరిపాటి అయింది. ఒకప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ జపాను భాషా విభాగాల వారికే పరిమితమైన ఈ వేడుక ఇప్పుడు పొలిమేర దాటి హర్యానాలోని ఫరీదాబాద్ వరకు వచ్చింది. ఎక్కడ జరిగినా కార్యక్రమం దాదాపు ఒకటే. ఇకెబానా పుష్పాలంకరణ ఒక వైపు, ఒరిగామి కాగితపు బొమ్మలు మరొక వైపు. కుంచెతో అక్షరాలు దిద్దించే బల్ల ఒకటి, తేనీటి మర్యాద ప్రదర్శన ఇంకొకటి. విద్యార్థినులు యుకతా ధరించి ఫొటోలు తీయించుకుంటారు. జపాను కార్టూను చిత్రాలలోని పాత్రల వేషాలతో కుర్రవాళ్ళు ఆవరణ అంతా కలయ తిరుగుతారు. వేదిక మీద వక్తలు బుద్ధ భగవానునితో ప్రారంభించి వ్యూహాత్మక భాగస్వామ్యంతో ముగిస్తారు. నడుమ బుల్లెట్ రైలు ప్రస్తావన తప్పదు.

ఇందులో వెక్కిరించవలసినది ఏమీ లేదు. పరాయి జాతి మర్యాదను ఒక పూట అనుసరించి చూడడం కూడా విద్యలో భాగమే. అయితే ఫరీదాబాద్ వంటి ఊరిలో ఈ ఉత్సవం జరిగినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ పువ్వుల వెనుక భాష ఎంత ఉన్నది? ఆ ప్రశ్న కేవలం సంస్కృతికి సంబంధించినది కాదు, యువకుల బ్రతుకుతెరువుకు సంబంధించినది.

ఫరీదాబాద్‌కు జపాను పువ్వుల రూపంలో రాలేదు, యంత్రాల రూపంలో వచ్చింది. జహంగీరు కొలువులో కోశాధికారిగా ఉన్న షేక్ ఫరీదు 1607లో నెలకొల్పిన పాత ఊరి పక్కన, దేశ విభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులకోసం కొత్త పట్టణం వెలసింది. దాని నిర్మాణ మండలికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షులు. కమలాదేవీ చటోపాధ్యాయ నాయకత్వంలోని సహకార సంఘం ఆ కాందిశీకుల చేతనే వారి ఇళ్ళు కట్టించింది. ఆ తరువాత కర్మాగారాలు వచ్చాయి. ఎస్కార్ట్స్ సంస్థ యమహా సహకారంతో 1983లో రాజ్‌దూత్ 350 మోటారు సైకిలును, 1985లో ఆర్ఎక్స్ 100ను విపణిలోకి తెచ్చింది. తెలుగు జిల్లాలలో ఆ రెండవ బండి చప్పుడు వినని తరం లేదు. చివరకు ఎస్కార్ట్స్ ట్రాక్టర్ల వ్యాపారంలో కూడా జపాను సంస్థ కుబోతా ప్రవేశించింది. 2022లో సంస్థ పేరే ఎస్కార్ట్స్ కుబోతాగా మారింది. ఫరీదాబాద్ మెట్రో మార్గంలో ఎస్కార్ట్స్ ముజేసర్ అని ఒక స్టేషనే ఉన్నది. ఆ ఢిల్లీ మెట్రో వ్యవస్థకు తొలి దశ నుంచి పెట్టుబడిలో పెద్ద భాగం జపాను ప్రభుత్వ రుణమే.

ఇన్ని దశాబ్దాల ఈ సాన్నిహిత్యంలో ఫరీదాబాద్ కార్మికునికి జపాను కొలతలలోని కచ్చితత్వంగా, తనిఖీగా, క్రమశిక్షణగా తెలుసు. ఆ దేశపు మాట మాత్రం తెలియదు. యంత్రానికి భాష అవసరం లేకపోయింది. నకలు చిత్రాలు, ఇంగ్లీషులో రాసిన సూచనలు సరిపోయాయి. మనిషే అక్కడికి వెళ్ళవలసి వచ్చినప్పుడు అవి సరిపోవు.

ఆ సమయం ఇప్పుడు వచ్చింది. 2025 ఆగస్టు 29న టోక్యోలో ఉభయ ప్రధానులు ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక ప్రకారం రాబోయే ఐదేళ్ళలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగించాలి. వారిలో 50 వేల మంది భారతదేశం నుంచి జపానుకు వెళ్ళే నిపుణులు, నైపుణ్యం గల పనివారు. జపానులో జననాలు తగ్గి వృద్ధులు పెరిగారు. వారిని చూసుకునే చేతులు కావాలి, కర్మాగారాలకు, పొలాలకు, హోటళ్ళకు మనుషులు కావాలి. నైపుణ్య కార్మికుల వీసా కోసం 2021 జనవరిలోనే ఒప్పందం కుదిరింది. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 ఏప్రిల్‌లో జపానులో పర్యటించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ సుమారు 500 ఉద్యోగాలకు అక్కడి సంస్థలతో ఒప్పందాలు చేసుకొన్నది.

గల్ఫ్ ప్రయాణాల వెనుక ఎన్ని కన్నీళ్ళు ఉన్నవో కరీంనగర్, నిజామాబాద్, కడప పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. జపాను గల్ఫ్ కాదు, చట్టం ఉన్న దేశం. అయినా 1993లో అక్కడ ప్రారంభమైన సాంకేతిక శిక్షణార్థుల పథకం కథ కూడా చదువదగినదే. శిక్షణ పేరిట వచ్చిన వియత్నాం, చైనా తదితర దేశాల యువకులు దళారులకు అప్పుపడి, యజమానిని మార్చుకునే హక్కు లేక మగ్గిపోయారని జపాను పత్రికలు, న్యాయవాదులే ఏళ్ళ తరబడి మొరపెట్టుకొన్నారు. చివరకు ఆ పథకాన్ని రద్దుచేసి కొత్త పద్ధతి తేవడానికి జపాను పార్లమెంటు 2024 జూన్‌లో చట్టం చేసింది. అది 2027లో అమలులోకి రావాలి. ఇంతటి కథలో బాధితునికి ఏకైక రక్షణ ఏమిటి? తాను సంతకం చేసే కాగితంలో ఏమున్నదో చదువగలగడం, ఫిర్యాదును అక్కడి మాటలో చెప్పగలగడం.

కనుకనే 2017 సెప్టెంబరు నాటి ఒక వాగ్దానాన్ని ఇక్కడ జ్ఞాపకం చేయవలసి ఉన్నది. షింజో అబే అహమ్మదాబాద్ వచ్చినప్పుడు వెలువడిన సంయుక్త ప్రకటనలో, ఐదేళ్ళలో దేశంలోని 100 ఉన్నత విద్యాసంస్థలలో జపాను భాషా తరగతులు నెలకొల్పి 1000 మంది ఉపాధ్యాయులను తయారు చేస్తామని ఉభయ ప్రభుత్వాలు రాసుకొన్నాయి. ఆ పనికోసం 2018లో న్యూఢిల్లీలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు కూడా. గడువు 2022తో తీరిపోయింది. మధ్యలో కోవిడ్ అడ్డుపడిన మాట నిజమే. ఆ 100 సంస్థలలో ఎన్నింటిలో జపాను భాషకు శాశ్వత ఉపాధ్యాయుడు ఉన్నాడో, ఎన్నింటిలో ఏటా ఒక దినం ఇకెబానా మాత్రమే ఉన్నదో పార్లమెంటులో అడిగించుకొనవలసిన లెక్క. తెలుగు సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో అడిగే రైల్వే స్టేషన్ల నడుమ దీనికీ కొంత చోటు దొరక్కపోదు.

భాష కష్టమని భయపెట్టేవారు సగం నిజమే చెబుతారు. నిత్యవ్యవహారానికి జపాను ప్రభుత్వం నిర్ణయించిన కంజి అక్షరాలు 2136. ఒక్కొక్క దానికి రెండు మూడు ఉచ్చారణలు. అయితే మరొక సగం తెలుగువారికి అనుకూలంగా ఉన్నది. జపాను అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని నడుస్తుంది. ఇది మన ఓనమాల వరుసే. సంస్కృతం నేర్చిన బౌద్ధ భిక్షువుల ద్వారా సముద్రం దాటి పోయింది. పదాలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత వస్తుంది. పెద్దలతో ఒక తీరు, సమానులతో ఒక తీరు మాట్లాడవలసిన మర్యాద మనకు కొత్తది కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని తలకిందులు చేసుకొని నేర్చుకొన్న మన పిల్లవాడు ఈ వాక్యాన్ని నిలువునా నేర్చుకోగలడు. ఉత్సవాలలో ఈ మాట చెప్పేవారే తక్కువ.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. వక్తలు బుద్ధుని తరువాత నేరుగా బుల్లెట్ రైలు ఎక్కుతారని ముందే అన్నాను. 752లో నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసిన భిక్షువు బోధిసేనుడు మన దేశం నుంచి వెళ్ళినవాడే. కృష్ణా తీరపు ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు ర్యూజు అని పిలిచి ఎనిమిది శాఖలకు మూలపురుషునిగా కొలుస్తారు. ఇవి సంతోషంగా చెప్పుకొనవచ్చు. 1916లో టోక్యో విశ్వవిద్యాలయంలో రవీంద్రనాథ్ ఠాగూరు మాట్లాడినది మాత్రం అంత సంతోషకరమైన సంగతి కాదు. జపాను కళను మనసారా మెచ్చుకొన్న ఆయన పాశ్చాత్యుల జాతీయోన్మాదాన్ని అనుకరించవద్దని హెచ్చరించారు. స్వాగతానికి వచ్చిన జనం వీడ్కోలుకు రాలేదు. 1938లో చైనా మీద యుద్ధాన్ని సమర్థించిన జపాను కవి యోనే నొగుచికి, ఠాగూరుకు మధ్య నడిచిన ఉత్తరాలు ప్రపంచమంతా చదివింది. ఆ నొగుచి అంతకు రెండు మూడేళ్ళ ముందే మన విశ్వవిద్యాలయాలలో ఉపన్యసించి, మిత్రునిగా సత్కారం పొందినవాడు. మిత్రునితో విభేదించడం కూడా సాంస్కృతిక సంబంధమే. దానిని దాచిపెట్టి జరిపే ఉత్సవం రాయబార కార్యాలయపు విందుకంటె భిన్నమైనది కాజాలదు.

అదే విధంగా ఒరిగామి బల్ల దగ్గర పిల్లలు ముచ్చటపడి మడిచే కాగితపు కొంగ. హిరోషిమా బాంబు రేడియేషను వల్ల రక్తపు క్యాన్సరు సోకిన సదాకో ససాకి అనే బాలిక ఆసుపత్రి మంచం మీద కొంగలు మడుస్తూ 1955లో పన్నెండవ ఏట కన్నుమూసింది. నాటి నుంచి ఆ కొంగ అణ్వాయుధ వ్యతిరేకతకు చిహ్నం. బాంబు బాధితుల సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. పోఖ్రాన్ పరీక్షలు జరిపిన దేశపు విశ్వవిద్యాలయంలో ఆ కొంగను మడిచేటప్పుడు రెండు నిమిషాలు ఈ కథ చెబితే వేడుకకు వచ్చిన లోపమేమిటి?

తెలుగు నేలకు జపానుతో సంబంధం ఉత్సవాలకంటె లోతుగా పోయింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదును జపాను సహాయ సంస్థ జైకా ఆర్థిక సాయంతో నిర్మించారు. కొన్ని భవనాలకు రూపకల్పన చేసినవారు టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు. అక్కడి పట్టభద్రులు ఉపకారవేతనాలతో జపాను విశ్వవిద్యాలయాలకు వెళుతున్నారు. ఇస్మాయిల్ వంటి కవులు హైకూను తెలుగు చేశారు. ‘రైలుబడి’ చదివి ఉపాధ్యాయ వృత్తిని కొత్తగా చూసినవారు, ‘గడ్డిపరకతో విప్లవం’ చదివి పొలంలో ఎరువు మానినవారు మన మధ్య ఉన్నారు. అయితే ఈ పుస్తకాలు మనకు ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. జపాను నుంచి నేరుగా తెలుగులోకి తేగలవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు.

అటు నుంచి మాత్రం కొత్త గాలి వీస్తున్నది. 2022 అక్టోబరులో జపానులో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ భారతీయ చిత్రాలన్నిటికంటె ఎక్కువ వసూలు చేసింది. 2024 జనవరిలో స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరజుకా నాటక సంస్థ దానిని రంగస్థలం మీదికి ఎక్కించింది. ఆదిలాబాదు అడవులలో నిజాముతో పోరాడిన కొమురం భీము పేరు గల పాత్రను ఒక జపాను నటి ధరించింది. తెలుగు పాటలోని మాటలకు అర్థం వెదుక్కొని కూడబలుక్కొనే జపాను అభిమానులు సామాజిక మాధ్యమాలలో కనిపిస్తూనే ఉన్నారు.

2024 లెక్కలలో జపానులో విద్యనభ్యసిస్తున్న విదేశీయులు 3 లక్షల 36 వేల పైచిలుకు. వారిలో నేపాలు విద్యార్థులే 60 వేలు దాటారు. మన వాటా ఆ చిన్న దేశం ముందు చెప్పుకొనదగినది కాదు. ఫరీదాబాద్ ఉత్సవంలో కుంచె పట్టుకొని తన పేరు జపాను లిపిలో రాయించుకొన్న విద్యార్థి మరునాడు తరగతికి వచ్చినప్పుడు అక్కడ ఉపాధ్యాయుడు ఉండాలి. జపాను భాషా సామర్థ్య పరీక్ష ఏటా జూలైలోను, డిసెంబరులోను మొదటి ఆదివారం జరుగుతుంది. నైపుణ్య కార్మికుని వీసాకు అందులో నాలుగవ అంతస్తు, అంటే ఎన్4, లేదా దానికి సమానమైన పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షలో ఇకెబానా మీద ప్రశ్నలు రావు.