ప్రతిభ ఎవరి సొత్తు?

ప్రతిభను గురించి మన అలంకారికులు చాలా తర్జనభర్జన పడ్డారు. కావ్యరచనకు సహజమైన ప్రతిభ, విస్తారమైన చదువు, ఎడతెగని సాధన మూడూ కావాలన్నాడు దండి. అంతటితో ఊరుకోలేదు. పుట్టుకతో వచ్చిన ప్రతిభ లేకపోయినా, చదువూ శ్రమా ఉన్నవాణ్ణి వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించక మానదనీ అన్నాడు. ఎం.ఏ.లో ఈ భాగాన్ని నేను పరీక్ష కోసం చదివాను. అది నాకు పనికొచ్చింది మాత్రం అయిదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు.

మా బడి పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. అవతల శ్రీహరికోట దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశారు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది అక్కడి నుంచే. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచిందీ అక్కడి నుంచే. ఈ తేదీలు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటాయి. ఆ దీవి అడవిలో దుంపలు తవ్వి, తేనె తీసి, చేపలు పట్టి బతికిన యానాదులు ఆ పుస్తకాల్లో ఉండరు. వాళ్ళ పిల్లలు మా బడిలో ఉంటారు. ఉద్యోగుల పిల్లలు మా బడి ముందు నుంచి బస్సులో వేరే బడులకు పోతారు. ప్రతిభ అనేది ఆ బస్సులో కూర్చుని పోతుందని ఊరివాళ్ళే కాదు, చాలాకాలం నేనూ నమ్మాను.

ప్రతిభ గల పిల్లవాడిని గుర్తించడం ఎలా? 1921లో అమెరికాలో టెర్మన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త కాలిఫోర్నియా బడుల నుంచి పదిహేను వందల మందికి పైగా పిల్లల్ని బుద్ధిపరీక్ష పెట్టి ఏరాడు. జీవితాంతం వాళ్ళను గమనించాడు. పరీక్షలో చాలినన్ని మార్కులు రాక ఆ జాబితాకెక్కని ఇద్దరు పిల్లలు, షాక్లీ, అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు తీసుకున్నారు. జాబితాకెక్కినవాళ్ళలో ఒక్కరికీ ఆ బహుమతి రాలేదు. నా దృష్టిలో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. పరీక్ష దాకా ఎవరు రావాలో మొదట చెప్పింది ఎక్కువగా ఆయా తరగతుల ఉపాధ్యాయులే. ఆ జల్లెడ మా చేతుల్లోనే ఉంది. అది ఎంత చిల్లుల జల్లెడో నా అనుభవమే చెబుతుంది.

ఇరవై ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాలుగో తరగతిలో ఒక యానాది పిల్లవాడు ఉండేవాడు. బుట్టకు 24 పీతల చొప్పున 15 బుట్టల్లో ఎన్ని అని నేను నల్లబల్ల మీద లెక్క రాస్తున్నాను. రాయడం పూర్తికాకముందే వాడు 360 అన్నాడు. ఎలా చేశావో రాయమంటే రాయలేకపోయాడు. పక్కవాడి పలకలో చూశావన్నాను. పక్కవాడి పలకలో తప్పు ఉందన్న సంగతి నాకు తట్టలేదు. పది బుట్టలకు 240, అందులో సగం 120, రెండూ కలిపితే 360 అని వాడు మనసులో కట్టుకున్నాడు. నూటికి నూరుపాళ్ళూ గణితమే అది. గట్టున పీతలు లెక్కబెట్టి అమ్మే ఇంట్లో అట్లాగే కడతారు. నాకు కావలసింది వరసలు, చేతిలో అంకె, కింద గీత.

వాడు మిగతావాళ్ళకంటే ముందే పని ముగించి అల్లరి చేసేవాడు. అలాంటి పిల్లలకు మనం చేసేవి రెండు పనులు. అయిదు లెక్కలు చేసినవాడికి అలాంటివే మరో పది ఇస్తాం. త్వరగా చేసినందుకు ఇది శిక్ష. లేదా ఒకటో తరగతి వాళ్ళచేత అఆలు దిద్దించమంటాం, అంటే జీతం లేని అసిస్టెంటును చేస్తాం. నేను రెండూ చేశాను. బెత్తం కూడా వాడాను. సంక్రాంతి తర్వాత వాడు వాళ్ళ నాయనతో వలకు పోయాడు. నేను రిజిస్టరులో పేరు కొట్టేశాను.

శిక్షణ తరగతుల్లో దీనికి మందు ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. పేరు చెప్పి టీ తాగి పంపిస్తారు. నాకు దారి చూపింది వైగాట్‌స్కీ. 1934లో, నలభై నిండకుండానే చనిపోయిన ఈ సోవియట్ మనస్తత్వవేత్త ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఇద్దరు పిల్లలు పరీక్షలో ఒకే స్థాయిలో, ఎనిమిదేళ్ళ స్థాయిలో తేలారు. కాస్త ఆసరా ఇస్తే ఒకడు తొమ్మిదేళ్ళవాడి లెక్క దాకా వచ్చాడు, మరొకడు పన్నెండేళ్ళవాడి లెక్క దాకా పోయాడు. పిల్లవాడు ఒంటరిగా ఏం చేస్తాడన్నది ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు. ఆసరా ఇచ్చి చూడాలి. చురుకైన పిల్లవాడికి ఆసరా అక్కరలేదని మనం అనుకుంటాం. వాడికి అందని లెక్క ఇచ్చి, పక్కన నిలబడడమే వాడికి ఆసరా.

ఈ ఏడు అయిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: “సార్, రాకెట్టు ఎట్టాగూ పైకే పోవాల గదా. తిరుమల కొండ మింద నించి వదిలితే సగం దూరం కలిసొస్తాది గదా. ఈడ నీళ్ళ పక్కన ఎందుకంట?” పాత నేనైతే నోరు మూసుకోమనేవాణ్ణి. నాకు జవాబు తెలియదు. రెండు రోజులు గడువు అడిగాను.

జవాబు నేను చెప్పెయ్యలేదు. కొండ ఎత్తు కిలోమీటరుకు లోపు, ఉపగ్రహం తిరిగే ఎత్తు సుమారు 500 కిలోమీటర్లు అనుకుందాం, బొమ్మ గియ్యమన్నాను. మొదట పలకలో సగం కొండే గీసింది. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కొలిచి గియ్యమన్నాను. కొండ వేలి గోరంత అయింది. సుద్దగీత పలక దాటి, నేల మీదికి దిగి, అయిదు మీటర్లు సాగి గడప దాటి వరండాలోకి పోయింది. మూడో తరగతి వాళ్ళు స్కేలు పట్టుకున్నారు, రెండో తరగతి వాళ్ళు వందలు లెక్కబెట్టారు. ఆ పూట బడి మొత్తం ఆ గీత మీదే ఉంది. సగం దూరం కలిసిరాదని ఆ పిల్లే చెప్పింది. మిగతాది నేను చెప్పాను: కావలసింది ఎత్తుకంటే వేగం, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పుకు వదిలితే మన దగ్గర సెకనుకు సుమారు 450 మీటర్లు ఉచితంగా వస్తాయి. కాలిపోయిన దశలు ఊళ్ళ మీద కాక సముద్రంలో పడతాయి.

కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు: ప్రతిభ గురించి మాట్లాడడం ఉన్నవాళ్ళ భాష, మనం వెనకబడినవాళ్ళ గురించి మాట్లాడాలి అని. ఆ యానాది పిల్లవాడు వెనకబడినవాడా, ప్రతిభావంతుడా? రెండూ. మనం ఆ మాట వదిలేస్తే దాన్ని ఐఐటి ఫౌండేషన్ అని బోర్డు కట్టి ఆరో తరగతి నుంచే అమ్ముకునేవాళ్ళున్నారు. 1971లో సర్వేలులో, మరుసటి ఏడు కొడిగెనహళ్ళి, తాడికొండల్లో వచ్చిన గురుకులాలు, 1986 నుంచి నవోదయలు పల్లె పిల్లలకు మేలు చేశాయి, కాదనను. కానీ అవి ప్రవేశపరీక్ష దాకా వచ్చినవాళ్ళకు. నాలుగో తరగతిలోనే వలకు పోయినవాడికి ఏ ప్రవేశపరీక్ష?

ఎస్‌ఎల్‌వి-3 నాయకుడు కలామ్ రామేశ్వరంలో అయిదో తరగతి చదివినప్పటి కథ అందరికీ తెలుసు. శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే మాస్టారు పక్షి ఎలా ఎగురుతుందో బల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. అర్థమైందా అని అడిగితే కలామ్ లేదన్నాడు, మరికొందరు పిల్లలూ లేదన్నారు. సాయంత్రం మాస్టారు తరగతినంతా సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి ఎగిరే పక్షుల్ని చూపించారు. ఈ కథను సభల్లో కలామ్ ప్రతిభకు సాక్ష్యంగా చెబుతుంటారు. నేను ఆ తరగతిలోని మిగతా పిల్లల గురించి ఆలోచిస్తుంటాను. అర్థం కాలేదని భయం లేకుండా చెప్పగల గది అది. నా గదిలో ఇరవై ఏళ్ళ కిందట ఆ మాట ఎవరూ అనలేదు.

వరండాలో సుద్దగీత ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి గీత చివర నిలబడి మళ్ళీ అడిగింది: “ఈడ దాకా పొయ్యాక కింద పడదేంది సార్?” సోమవారం మాట్లాడుకుందామన్నాను. న్యూటన్ కొండ మీద నుంచి పేల్చిన ఫిరంగి బొమ్మను ఆలోగా నేను సరిగ్గా అర్థం చేసుకోవాలి.