పాత గిటారే కావాలి!

“పాత చింతకాయ పచ్చడి” అని మనం వేళాకోళం చేస్తూవుంటాం. జ్వరం తగ్గి నోరు చేదుగా వున్న రోజున మాత్రం కొత్త పచ్చళ్లేవీ పనికిరావు. ఆ పాత చింతకాయ పచ్చడే కావాలి. అందులోనూ అమ్మమ్మగారి జాడీలోదే కావాలి. అదే చింతకాయ, అదే ఉప్పు, అదే మెంతిపొడి వేసి ఎంత జాగ్రత్తగా చేసిపెట్టినా “ఊహూఁ, ఆ రుచి రాలేదు” అంటాం.

ఈ రోగం మనకొక్కరికే వుందనుకునేవాణ్ణి. అమెరికాలో, ఇంగ్లండులో, జపానులో గిటారు వాయించేవాళ్లకు ఇంతకు నాలుగు రెట్లు వుందని మా మేనల్లుడి ధర్మమా అని తెలిసింది. వాడు డల్లాస్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో గిటారు వాయిస్తాడు. ఒకసారి ఫోనులో మహా సంబరంగా, “మామయ్యా, 1959 మోడలు మళ్లీ తీస్తున్నారట. ఈసారైనా ఉన్నదున్నట్టు చేస్తారేమో చూడాలి!” అన్నాడు.

“అరవై యేళ్లు దాటిన వస్తువును మళ్లీ తియ్యడమేమిట్రా? అంత బాగుంటే అసలెందుకు మానేశారు?” అన్నాను.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే పెద్ద కథే బయటపడింది. పాఠకులకు కూడా వినోదంగా వుంటుందని ఇక్కడ రాస్తున్నాను.

గుల్ల లేని వాద్యం

మన వీణకు నాదమిచ్చేది తొలిచిన పనసకుండ. మామూలు గిటారుకు కూడా గుల్లగా వున్న పెట్టె వుంటుంది. విద్యుత్ గిటారు సంగతి వేరు. దాని ఒళ్లు గట్టి చెక్క, తీగెలు ఉక్కువి. తీగెల కింద అయస్కాంతం, దానిచుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగె వేల చుట్లు చుట్టివుంటాయి. దీన్ని పికప్ అంటారు. ఉక్కు తీగె కదిలితే రాగిచుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది.

ఈ వాద్యాన్ని ఇంటింటికీ తెచ్చిన ఘనుల్లో లియో ఫెండర్ ఒకడు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే వూళ్లో రేడియోలు బాగుచేసుకునే ఆసామీ. చిత్రమేమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు! 1950లో ఆయన తీసిన మోడలు మరుసటి యేడు టెలికాస్టర్ అని పేరు మార్చుకుంది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. మిచిగన్ రాష్ట్రంలో కలమజూ అనే వూరి గిబ్సన్ కంపెనీ 1952లో, లెస్ పాల్ అనే ప్రసిద్ధ విద్వాంసుడి పేరు పెట్టి మరో గట్టిచెక్క గిటారు తీసింది. మా వాడు కలవరించేది దీన్నే.

అమ్ముడుపోని సరుకు

1957లో ఈ లెస్ పాల్ గిటారుకు కొత్త పికప్‌లు అమర్చారు. సెత్ లవర్ అనే ఇంజనీరు గుర్‌మనే రొద రాకుండా రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి చేసిన ఉపాయం అది. అప్పటికింకా పేటెంటు చేతికి రాలేదు గనక “పేటెంటుకు దరఖాస్తు పెట్టడమైనది” అనే చీటీ వాటి అడుగున అంటించారు. ఆ చీటీ వున్న పికప్ అంటే ఇవాళ గిటారు ప్రియులకు కళ్లకద్దుకునే వస్తువు. 1958లో బంగారు రంగు తీసేసి, మేపుల్ చెక్క చారలు కనబడేట్టు, అంచున ఎరుపు, మధ్యన పసుపు వుండే సూర్యకాంతి రంగు వేశారు.

ఇంత అందంగా చేస్తే కొన్నవాళ్లు తక్కువ. బరువెక్కువన్నారు, పాత ఫ్యాషనన్నారు. 1958 నుంచి 1960 దాకా మూడేళ్లలో తయారైనవి సుమారు పదిహేను వందలు. 1961లో కంపెనీ ఆ రూపాన్నే మార్చేసి, కొమ్ములున్న పల్చటి గిటారు తీసింది.

ఆ తరవాత కథ మలుపు తిరిగింది. ఇంగ్లండులో కుర్రవిద్వాంసులకు ఈ మానేసిన గిటార్లు చేజిక్కాయి. 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయల్ బృందంతో కలిసి ఇచ్చిన రికార్డులో దాని గొంతు విని జనం ఉలిక్కిపడ్డారు. (ఆ గిటారును అదే యేడు ఎవరో దొంగిలించారు.) అందరికీ అదే కావాలి. కాని అంగళ్లలో లేదు. వున్న పదిహేను వందలకే గిరాకీ. ఆనాడు మూడు వందల డాలర్లలోపు దొరికిన వస్తువు ఇవాళ లక్షల డాలర్లు పలుకుతోంది. వాయించేవాడి చేతిలోంచి పోయి ధనవంతుల బీరువాల్లోకి చేరింది.

కంపెనీ మరిచిపోయిన పని

“మరి కంపెనీవాళ్లే మళ్లీ చేసి అమ్మవచ్చుగా?” అని మీరడగవచ్చు. చేశారు. 1968లో లెస్ పాల్‌ను మళ్లీ తీశారు. జనం అడిగింది సూర్యకాంతి రంగు, జంటచుట్టల పికప్; వచ్చింది బంగారు రంగు, ఒంటిచుట్ట పికప్! తరవాత యేళ్లలో ఒంటిని అప్పచ్చుల్లా పొరలుగా అతికించారు. ఒకే చెక్కలో తొలిచే దండిని మూడు ముక్కలు కలిపి చేశారు. ఫెండర్ ముచ్చటా అంతే. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థకు అమ్మేశాడు. తరవాత తలభాగం పెద్దదయింది. పల్చటి వార్నిషు పోయి దళసరి ప్లాస్టిక్ పూత వచ్చింది. “1965కు ముందుదా, తరవాతదా?” అనేది గిటారు ప్రియుల మొదటి ప్రశ్న అయింది.

వీళ్ల కళ్లు తెరిపించినవాళ్లు జపానువాళ్లు. 1970ల చివర హమమత్సు నగరంలోని టోకాయ్ కంపెనీ పాత ఫెండర్లకు, పాత గిబ్సన్లకు నకళ్లు చేసి అమ్మింది. అసలు కంపెనీ కొత్త గిటార్లకంటే ఈ నకళ్లే పాత గిటార్లకు దగ్గరగా వున్నాయని కొన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ పోటీకి తట్టుకోలేక 1982లో ఫెండర్ 1957, 1962 నాటి స్ట్రాటోకాస్టర్లను పునర్నిర్మించింది. అందుకోసం ఆ కంపెనీ మనుషులు తమ సొంత పాత గిటార్లనే బయట వెతికి పట్టుకుని కొలతలు తీసుకోవలసి వచ్చింది! మనింటి అరిసెల పాకం పొరుగింటివాళ్లను అడిగి తెలుసుకున్నట్టన్నమాట. గిబ్సన్ 1993లో తన చారిత్రక శ్రేణిని మొదలుపెట్టింది.

ఏ పాతదానికి నకలు?

అంతటితో గిటారు ప్రియులు శాంతించారా? లేదు. కొలబద్దలు, భూతద్దాలు పట్టుకు కూర్చున్నారు. దండి అతికేందుకు తోళ్లు ఉడికించి తీసిన బంకే వాడాలన్నారు. దండిలోని ఇనప ఊచకు పాతవాటిలో ప్లాస్టిక్ తొడుగు లేదు, మీరెందుకు పెట్టారన్నారు. 2013లో గిబ్సన్ ఆ తొడుగు తీసేసి, పాత బంక వాడింది. ఇరవై యేళ్ల పోరు ఫలించిందని కొందరు పండగ చేసుకున్నారు.

మొదట్లో నాకిదంతా చాదస్తమనిపించింది. కాని వివరాల్లోకి పోయినకొద్దీ ఒక గమ్మత్తు బోధపడింది. ఆనాటి పికప్‌లన్నిటికీ చుట్లు సమానంగా పడలేదు. అంచేత ఏ రెండు గిటార్లూ ఒక్కలా పలకవు. ఎరుపు రంగు వెలుతురుకు నిలవలేదు. అంగడి అద్దాల వెనక వున్నవి వెలిసి తేనెరంగుకు, నిమ్మపండు రంగుకు తిరిగాయి. కంపెనీవారికి అది లోపం. 1960లో వెలవని ఎరుపు తెచ్చి దిద్దుకున్నారు. ఇవాళ ఆ వెలిసిన రంగే కావాలని అడుగుతున్నారు! అంటే గిటారు ప్రియులు కోరేది 1959లో కర్మాగారం గడప దాటిన గిటారు కాదు. అరవై యేళ్లు ఎవరో వాయించి, చెమట పట్టించి, ఎండ చూపించి పెంచిన గిటారు. దాన్ని ఏ కర్మాగారం చెయ్యగలదు?

చేస్తామన్నవాళ్లూ వున్నారు. 1995లో ఫెండర్ కొత్త గిటార్లకు కావాలని గీతలు పెట్టి, రంగు గీకి, ఇత్తడి నికెలు సామాను మసకబార్చి అమ్మడం మొదలెట్టింది. గిబ్సన్ 2021లో టామ్ మర్ఫీ అనే నిపుణుడి పేరిట అందుకొక ప్రత్యేక విభాగమే పెట్టింది. సొట్టలెక్కువైనకొద్దీ ధరా ఎక్కువే. ఈ మాట మా మేనల్లుడి భార్య చెవిని పడగానే, “బాబాయిగారూ, మా ఇంట్లో సొట్టలు పడ్డ గిన్నెలు అరడజను వున్నాయి. ఆ కంపెనీవాళ్లు కొంటారేమో కనుక్కోమనండి” అంది.

చెట్టు సంగతి

ఇంతవరకూ నవ్వుకునే ముచ్చట్లే. నవ్వలేని ముచ్చట ఒకటుంది.

పాత గిటార్ల దండిమీద, మెట్లు బిగించే పలక బ్రెజిలు అడవుల రోజ్‌వుడ్. గిటారు ప్రియులు దాని నాదాన్ని గంటతో పోలుస్తారు. ఆ చెట్టును ఎడాపెడా కొట్టేశారు. 1992లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద దాన్ని అత్యంత రక్షణ గల జాబితాలో చేర్చారు. ఇప్పుడు దేశం దాటించాలంటే పూర్వపు సరుకని కాగితాలు చూపాలి.

దాని స్థానంలోకి వచ్చింది మన దక్షిణదేశపు రోజ్‌వుడ్. మనవాళ్లు ఇరుగుడు, జిట్టరేగి అంటారు. తాతలనాటి బీరువాలు, మంచాలు ఆ చేవతో చేసినవి ఇంకా కొన్ని ఇళ్లలో వున్నాయి. ఈ వ్యాపారం సైతం తగాదాల్లో పడింది. 2011లో అమెరికా అధికారులు గిబ్సన్ కర్మాగారాలను సోదా చేసి మన దేశపు పలకలను పట్టుకున్నారు. పచ్చిసరుకుగా చెక్కను పంపరాదన్న మన నిబంధనకు ఆ పలకలు లోబడ్డాయా లేదా అన్నది వివాదం. మడగాస్కరు నుంచి వచ్చిన ఎబొనీ చెక్క కేసుతో కలిపి 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టి రాజీపడింది. మన దేశపు చెక్క తిరిగి కంపెనీకి చేరింది. 2017లో ఈ జాతి చెట్లన్నిటినీ సైటీస్ అదుపులోకి తెచ్చారు. తయారైన వాద్యాలకు మాత్రం 2019లో సడలింపు ఇచ్చారు.

కాబట్టి “ఉన్నదున్నట్టు కావాలి” అనే కోరికకు ఇక్కడ హద్దు గీయక తప్పదు. బంక పాతది కావచ్చు, రంగు పాతది కావచ్చు. మిగిలిన నాలుగు చెట్లూ కొట్టి పలక చెయ్యమనడం న్యాయం కాదు. మా వాడితో అదే మాటన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. “నిజమే మామయ్యా. మన ఇరుగుడు పలకయినా నాకు చాలు” అన్నాడు.

చేతులు వున్నప్పుడే

ధర సంగతి కూడా చెప్పుకోవాలి. 1959 నాటి ధరను ఇప్పటి లెక్కకు మార్చితే సుమారు మూడు వేల డాలర్లలోపు తేలుతుంది. చారిత్రక శ్రేణి గిటారు అంతకు రెట్టింపు పైమాటే. కొలతలు పాతవి, ధర కొత్తది! జీతగాడైన విద్వాంసుడు కొనుక్కునే గిటారుగా దాన్ని తిరిగి తేగలిగితే, నా దృష్టిలో అదే అన్నిటికంటే నమ్మకమైన నకలు.

అయినా ఈ గిటారు ప్రియుల మొండిపట్టు వృథా కాలేదంటాను. వాళ్లు అడక్కపోతే ఆ పనితనం మళ్లీ వచ్చేది కాదు. 1984లో కలమజూ కర్మాగారాన్ని మూసేసి గిబ్సన్ నాష్‌విల్‌కు వెళ్లిపోయింది. యంత్రాలు వెళ్లాయి. వూరు వదలని కొందరు పనివాళ్లు మరుసటి యేడు అదే పాత భవనంలో హెరిటేజ్ అనే సొంత కంపెనీ పెట్టుకుని గిటార్లు చేశారు. పని తెలిసిన చెయ్యి ఎక్కడుంటే వాద్యం అక్కడ పుడుతుంది.

మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఇప్పటికీ పనసమానును తొలిచి ఏకాండి వీణలు చేసే కుటుంబాలున్నాయి. అక్కడ ఏ మాను ఎన్నాళ్లు ఆరాలి, మైనం ఎంత పాకంలో వుండాలి, మెట్టు ఎంత ఎత్తున నిలవాలి అన్నది ఇంకా మనుషుల చేతుల్లో వుంది. కొలబద్ద పట్టుకుని పాత వీణల కోసం వూరూరా తిరిగే గతి మనకు పట్టకముందే, ఇంట్లో పాప సంగీతం నేర్చుకుంటానంటే ఒకసారి ఆ వూరు తీసుకెళ్లి చూపించండి. వీలయితే ఒక వీణ చేయించండి.